ముందు మచ్చను రాయి, పేరు తర్వాత

బిడ్డా,

నీకు డి.వి.ఎల్. (చర్మ, సుఖ, లెప్రసీ వ్యాధుల చదువు) పీజీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా గుండె నిండిపోయింది, ఆ వెనకే గుబులు కూడా పట్టుకుంది. చర్మం డాక్టరంటే ఎమర్జెన్సీలుండవు, హాయిగా ఉంటుందని మనింట్లో అందరూ అంటున్నారట. ఆ కోర్సు పేరులో చివరి అక్షరం లెప్రసీది, అంటే కుష్టుది. నా గుబులంతా ఆ అక్షరం చుట్టూనే. దాని దగ్గరికి వస్తా.

తేలికవి ముందు చెప్పేస్తా. పేషెంటును కిటికీ వైపు తిప్పి పగటి వెలుతురులో చూడు, పసుపు బల్బు కింద రంగులు మారిపోతాయి. పరదా వెయ్యి, అడిగి బట్ట తీయించు. చూపించిన చోటుతో ఆగకుండా నోరు, మాడు, గోళ్లు, వేళ్ల సందులు, అరికాళ్లు చూడు. గజ్జి వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ దొరుకుతుంది. ముఖం చూసి పంపిస్తే అది దొరకదు.

ఇక వర్ణన. కళ్లు మూసుకుని వేలు పోనియ్యి. వేలికి ఏమీ తగలకపోతే మాక్యూల్, పెద్దదైతే ప్యాచ్. తగిలితే చిన్నది ప్యాప్యూల్, వెడల్పుగా పరుచుకుంటే ప్లాక్, లోతుగా గడ్డలా ఉంటే నాడ్యూల్. నీరుంటే వెసికిల్, పెద్దదైతే బుల్లా, చీముంటే పస్ట్యూల్. హద్దు కొన్ని పుస్తకాల్లో అర సెంటీమీటరు, కొన్నింట్లో ఒక సెంటీమీటరు. అందుకే స్కేలు పెట్టి కొలత రాసెయ్యి. "చిన్నది", "పెద్దది" అన్న మాటలు కేస్ షీటులో కనిపించకూడదు. దద్దురుకు చుట్టూ పెన్నుతో గీత గీసి మర్నాడు చూడు. 24 గంటల తర్వాత కూడా అది అక్కడే కూర్చుంటే మామూలు దద్దురు అనుకోకు, రక్తనాళాల వాపు ఉందేమో ఆలోచించు.

పొలుసుకూ పక్కుకూ తేడా చాలామంది రాయరు. పొలుసు చర్మం పైపొరది. పక్కు అంటే ఎండిపోయిన రసి, చీము, రక్తం. అలాగే ఎరోజన్ పైపొరతో ఆగుతుంది, మచ్చ లేకుండా మానుతుంది. అల్సర్ లోపలి పొరదాకా దిగుతుంది, మానినా గుర్తు మిగులుతుంది. ఇవి తారుమారైతే తర్వాత చూసే డాక్టరు వేరే దారి పడతాడు.

ఎరుపు సంగతి వేరే చెప్పాలి. పుస్తకాల్లో బొమ్మలు చాలావరకు తెల్లవాళ్ల చర్మంవి. మన చామనఛాయ మీద ఎరుపు వంకాయ రంగులోనో, బూడిదగానో, ముదురు గోధుమగానో కనిపిస్తుంది. రెండోవైపు అదే చోటుతో పోల్చు, చేతి వెనకభాగం ఆనించి వేడి చూడు. గాజు స్లైడుతో నొక్కు. రంగు పోతే రక్తనాళాలు విప్పారాయని, పోకపోతే రక్తం బయటికి చిమ్మిందని అర్థం. జ్వరంతో వచ్చిన మనిషికి నొక్కినా పోని మచ్చలుంటే, ఓపీలో ఎంత రద్దీ ఉన్నా ఆ మనిషిని ఇంటికి పంపకు.

ఆకారం కూడా మాట్లాడుతుంది. పెళ్లిళ్ల సీజనులో నల్ల మెహందీ పెట్టుకున్నవాళ్ల చేతి మీద ఆ డిజైనే పొక్కులుగా లేస్తుంది. చెప్పు పట్టీ పాదం మీద తన గుర్తు వేస్తుంది. నుదుట బొట్టుబిళ్ళ ఉన్నంత మేర తెల్లబడితే, బొల్లి అని రాసేముందు బిళ్ళ జిగురు గురించి అడుగు. వానాకాలంలో లైటు చుట్టూ మూగే పీడెరస్ పురుగు చర్మం మీద నలిగితే కాలినట్టు గీతలా మంట లేస్తుంది. దాన్ని సర్పి అని రాసేస్తారు. సర్పి ఒక నరం దారిలో గుత్తులుగా వస్తుంది, మామూలుగా ఒంటి నడిమధ్య గీత దాటదు. పీడెరస్ మోచేతి మడతలో పడితే మడత రెండు వైపులా అద్దంలో బొమ్మలా ఒకటే గుర్తు ఉంటుంది.

పేషెంటు తామరను "దాద్" అంటాడు, "అలర్జీ" అంటాడు. ఆ మాట ఫిర్యాదు దగ్గర అలాగే రాయి, పరీక్ష దగ్గర మాత్రం రాయకు. మెడికల్ షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు తామర ఉంగరాన్ని చెరిపేస్తాయి. అంచు చెదిరిపోతుంది, పొలుసు తగ్గుతుంది, ఫంగస్ లోపల పెరుగుతూనే ఉంటుంది. ఏ ట్యూబు రాశాడో డబ్బా తెప్పించి చూడు. అంచునుంచి గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శినిలో చూడు.

ఇప్పుడు అసలు సంగతి. మన వృత్తిలో పాత తప్పు ఒకటుంది, తరాలుగా సాగుతోంది. రంగు తగ్గిన మచ్చతో మనిషి వస్తాడు. దురద లేదు, నొప్పి లేదు. బయట వందమంది లైను. డాక్టరు ఒక చూపు చూసి "శోభి" (ఫంగస్ వల్ల వచ్చే మచ్చ) అని రాసి క్రీము ఇస్తాడు. ఆ ఒక్క మాటతో మచ్చ వర్ణన ఆగిపోతుంది. తర్వాత చూసేవాళ్లందరూ ఆ పేరు చదివి అదే క్రీము కొనసాగిస్తారు. నొప్పి లేదు కాబట్టి మనిషికీ తొందర లేదు. నెలలు గడిచాక చిటికెన వేలు ముడుచుకుంటుంది, పొయ్యి దగ్గర చెయ్యి కాలినా తెలియదు. అది శోభి కాదు, లెప్రసీ. రోగం మందుతో నయమవుతుంది. వంగిన వేలు మాత్రం చాలాసార్లు వంగే ఉంటుంది.

శోభి అయితే గోటితో గీకితే పొడిలా పొలుసు రాలుతుంది. పిల్లల బుగ్గల మీద పాలిపోయే మచ్చలకు అంచు తెలియదు. లెప్రసీ మచ్చ రంగు తగ్గుతుందే గానీ బొల్లిలా పాలలా తెల్లబడదు. అయినా కంటిని నమ్మకు, దూది తియ్యి. దూది కొసను సన్నగా పురి పెట్టు. ముందు కళ్లు తెరిపించి మంచి చర్మం మీద తాకించి చూపించు. తర్వాత కళ్లు మూయించు. తాకించు, రుద్దకు. "తెలుస్తోందా?" అని అడగకు, అడిగితే మొహమాటానికి "ఆఁ" అంటారు. తాకిన చోటు వేలితో చూపించమను. ఒకే తాళంలో తాకకు, మధ్యలో ఆగు. ముఖం మీద స్పర్శ మిగిలే ఉండొచ్చు, అక్కడ తెలిసిందని నిశ్చింత పడకు. ఒళ్లంతా అంచు తెలియని మచ్చలు, మెరుపు, చెవి తమ్మెలు దళసరిగా ఉన్నా స్పర్శ ఉండొచ్చు. అక్కడ స్మియర్ తియ్యాలి, అంటే చర్మాన్ని కాస్త చీరి తీసిన రసాన్ని సూక్ష్మదర్శినిలో చూడాలి.

తర్వాత నరాలు. మోచేతి వెనక లోపలివైపు అల్నార్, మెడ పక్కన చెవి కిందిది, మోకాలి కింద బయటివైపుది, చీలమండ వెనకది. రెండు వైపులా పోల్చు. వేలి మెత్తతో దొర్లించు, కళ్లు మాత్రం పేషెంటు ముఖం మీద ఉంచు. నొప్పి అక్కడే ముందు కనిపిస్తుంది.

రాయడం ఇలా ఉండాలి: "కుడి ముంజేతి వెలుపల ఒకే ప్యాచ్, 4 × 3 సెం.మీ., రంగు తగ్గింది, అంచు స్పష్టం, పైభాగం పొడి, వెంట్రుకలు పలచన, పొలుసు లేదు, దూది స్పర్శ లేదు, కుడి అల్నార్ నరం ఎడమదానికంటే లావు, నొప్పి లేదు." చదివినవాడికి పేరు దానంతట అదే తెలుస్తుంది. మచ్చలు లెక్కపెట్టు. అయిదు దాకా ఒక మందుల కోర్సు, ఆరు నుంచి ఇంకోటి. నరం దెబ్బ తిని ఆరు నెలలు దాటకముందే స్టెరాయిడ్ మొదలైతే బలం తిరిగొచ్చే అవకాశం ఉంది. అందుకే "వచ్చే నెల చూద్దాం" అనే మాట నీ నోట రావద్దు.

2005 డిసెంబరు నాటికి దేశంలో లెప్రసీ పదివేలకు ఒకరికంటే తగ్గింది. తగ్గిందన్నారు గానీ పోయిందని ఎవరూ అనలేదు. మనం చూడడం తగ్గించాం, నాకు అదే భయం. ఓపీ గదిలో నలుగురూ వింటుండగా ఆ రోగం పేరు పలకకు బిడ్డా. తలుపు వేసి, మనిషిని కూర్చోబెట్టి చెప్పు. మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమనీ, నయమవుతుందనీ ముందు చెప్పు. చెప్తూ చెయ్యి పట్టుకో, గ్లవ్ లేకుండా.

పొద్దున తినకుండా ఓపీకి పోకు, మధ్యాహ్నం దాటితే కళ్లు సరిగా పనిచేయవు. మీ తమ్ముడితో పార్సెల్ పంపుతున్నా. మిల్లీమీటర్ల స్కేలు, భూతద్దం, నాలుగు గాజు స్లైడులు, ఒక చిన్న టార్చి ఉన్నాయి. టార్చిని చర్మానికి పక్కనుంచి పట్టు, ఎత్తుగా ఉన్నవాటి నీడ పడుతుంది. దూది మాత్రం అక్కడే తీసుకో, రోజూ కొత్తది.

నీ అత్త