తవ్వకాల చదువుకు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి కరీంనగర్‌లో బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాదిలో ఉంది. ఎమ్మెస్సీ వద్దు, ఆర్కియాలజీ చదువుతానంటోంది. ఒక కన్సల్టెన్సీవాళ్ళు బ్రిటన్‌లో ఏడాది హెరిటేజ్ మేనేజ్‌మెంట్ కోర్సు ఉందంటున్నారు. ఇల్లు తాకట్టు పెడితే గానీ ఫీజు కట్టలేం. పంపమంటారా? – ఒక తండ్రి

జవాబు: ఇంటి జోలికి మాత్రం పోకండి. అలాగని అమ్మాయిని ఎమ్మెస్సీలోకి నెట్టమనీ అనను. ఆమె అడుగుతున్నది తవ్వకాల చదువు, కన్సల్టెన్సీ అమ్ముతున్నది పాత కట్టడాలను నిర్వహించే చదువు. ముందు ఆ తేడా చూద్దాం.

ఇంగ్లండ్‌లో భవనమో రోడ్డో కట్టాలంటే, ఆ నేల కింద పాత ఆనవాళ్ళు ఉండే అవకాశం ఉన్నచోట ముందు పరీక్ష చేయించాలి. ఆ ఖర్చు కట్టుకునేవాడిదే. 1990 నుంచి వాళ్ళ ప్లానింగ్ పద్ధతి అది. అందుకే అక్కడ తవ్వకాలే వ్యాపారంగా నడిపే ప్రైవేటు సంస్థలు పుట్టాయి, వాటికి మనుషులు కావాలి. అక్కడి కోర్సులు చాలావరకు ఆ కొలువులను చూసుకునే నడుస్తాయి. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేదు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కూడదు, ఆపైన మరో 200 మీటర్లలో అనుమతి కావాలి. ఆ హద్దుకు అవతల బిల్డరు జేబులోంచి తవ్వకాలకు డబ్బు రాలదు. నాగార్జునసాగర్ నీళ్ళు రాకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయనంతా తవ్వించింది కేంద్ర పురావస్తు శాఖే. కొన్ని కట్టడాలను విప్పి, కొండ మీద తిరిగి నిలబెట్టారు. ఇప్పటికీ ఈ రంగంలో పెద్ద యజమాని సర్కారే. పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో చెప్పలేం. ఈ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి.

మరి హెరిటేజ్ మేనేజ్‌మెంట్‌కు ఇక్కడ పనే లేదా అంటే, ఉంది. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. అలాంటి చోటికి నిర్వహణ ప్రణాళిక రాయాలి, చుట్టూ కట్టడాలను అదుపులో పెట్టాలి, వచ్చే జనాన్ని సంభాళించాలి, ఊరివాళ్ళను కలుపుకుపోవాలి. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్టు 2013 నుంచి చేపట్టిన పనిలో ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు, పురావస్తువాళ్ళు, సున్నం పని తెలిసిన మేస్త్రీలు అంతా కలిసి పనిచేశారు. అక్కడ ఎవరి చేతిలో వాళ్ళ విద్య ఉంది. నా అనుభవంలో వట్టి మేనేజ్‌మెంట్ డిగ్రీతో వచ్చినవాళ్ళు ఇలాంటి చోట ఫైళ్ళు మోయడంతోనే సరిపెట్టుకుంటున్నారు. ముందు ఒక విద్య చేతికి రావాలి, మేనేజ్‌మెంట్ ఆ తర్వాత.

ఆ విద్య మీ అమ్మాయి దగ్గర సగం ఉంది, మీరు దాన్నే లెక్కలోకి తీసుకోలేదు. కెమిస్ట్రీ! కంచు విగ్రహానికి పట్టిన చిలుము, గుడి రాతి మీద నాచు, మసి, కుడ్యచిత్రాల్లో రాలిపోతున్న రంగు... ఇవన్నీ రసాయన శాస్త్రం తెలిసినవాళ్ళ పనులే. కేంద్ర పురావస్తు శాఖకు డెహ్రాడూన్‌లో ప్రత్యేకంగా సైన్స్ విభాగం ఉంది, ఆర్కియలాజికల్ కెమిస్ట్ అనే పోస్టులే ఉన్నాయి. లక్నోలో సంరక్షణ పరిశోధనశాల ఉంది. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్జర్వేషన్ (పాత వస్తువులు, కట్టడాలు పాడవకుండా కాపాడే విద్య) ఎంఏ ఉంది. మ్యూజియంలకూ ఈ పని తెలిసినవాళ్ళు కావాలి. నా ఓటు ఈ దారికే.

లేదు, నేను మట్టిలోనే ఉంటానంటే పుణెలో డెక్కన్ కాలేజీ, బరోడాలో ఎం.ఎస్. యూనివర్సిటీ మొదట చూడండి. దగ్గరలో కావాలంటే ఉస్మానియా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి. ఎంఏ అయ్యాక గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖవారి రెండేళ్ళ పీజీ డిప్లొమా ఉంది. స్టైపెండ్ ఇచ్చి మరీ నేర్పిస్తారు, సీట్లు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే. కాలేజీల్లో పాఠాలు చెప్పడానికి రాసే అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో ఆర్కియాలజీ ప్రత్యేక సబ్జెక్టు, కాబట్టి బోధన వైపూ దారి ఉంది. విదేశం మోజు తీరకపోతే, పురావస్తు పదార్థాల శాస్త్రంలో యూరప్ యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్ ఎంఎస్ కోర్సు ఒకటి ఉంది. స్కాలర్‌షిప్ వస్తే పంపండి, రాకపోతే వద్దు.

అప్లికేషన్లకు ముందు ఒక పని చేయించండి. మీకు దగ్గర్లోనే ధూళికట్ట స్తూపం, వేలకొద్దీ శాతవాహన నాణేలు దొరికిన పెద్దబంకూరు ఉన్నాయి. వెళ్ళి చూసి రమ్మనండి. ఆ తర్వాత ఏదైనా యూనివర్సిటీ తవ్వకం జరుగుతున్నచోట రెండు వారాలు సాయంగా ఉంటానని ప్రొఫెసర్లకు ఉత్తరం రాయమనండి. ఈ పని అంటే నిధులు దొరకడం అనుకుంటారు చాలామంది. నిజానికి పొద్దున్నుంచి ఎండలో తాపీతో, కుంచెతో అంగుళం అంగుళం గీకడం, సాయంత్రం తట్టలకొద్దీ కుండ పెంకులు కడిగి ఆరబెట్టడం, ఒక్కో పెంకు మీద నెంబరు వేయడం. రెండు వారాల తర్వాత కూడా ఉత్సాహంగానే ఉంటే ఇక మీరు అడ్డు చెప్పడానికేమీ లేదు. విసుగొచ్చి ఇంటికొస్తే కన్జర్వేషన్ ల్యాబు దారి ఎలాగూ తెరిచే ఉంది.

ఆ కన్సల్టెన్సీవాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి: గత రెండేళ్ళలో ఈ కోర్సు చేసిన మనవాళ్ళు ఇప్పుడు ఎక్కడ, ఏ హోదాలో పనిచేస్తున్నారు? ఇద్దరి నంబర్లు ఇప్పిస్తే వాళ్ళతో అమ్మాయినే నేరుగా మాట్లాడమనండి.