మాతృవంశం వేరు, తల్లుల పరంపర వేరు

సందేహం: మా కుటుంబ చరిత్రను పిల్లల కోసం రాసి పెడుతున్నాను. నాన్నగారి వైపువారిని ‘పితృవంశం’ అనీ, అమ్మ వైపువారిని ‘మాతృవంశం’ అనీ రెండు భాగాలుగా విడదీశాను. అమ్మ, అమ్మమ్మ, ఆమె తల్లి, ఆ తల్లికి తల్లి అంటూ దొరికినంత మేరకు స్త్రీల పేర్లన్నీ మాతృవంశం కింద చేర్చాను. మా బావగారు అది చూసి, మాతృవంశమంటే అమ్మ పుట్టింటివారే కాని అమ్మమ్మ పుట్టింటివారు కారని అంటున్నారు. ఎవరి మాట సరి? అమ్మమ్మ తండ్రిని ‘ప్రమాతామహుడు’ అని రాయవచ్చునా?

సమాధానం: వాడుకను బట్టి చూస్తే మీ బావగారి మాటే సరి. అంతమాత్రాన మీరు శ్రమపడి సేకరించిన పేర్లకు చోటు లేదని కాదు. వాటిని వేరే శీర్షిక కింద పెట్టాలి. ‘వంశం’ అనే మాట మనకు తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పరంపర అనే అర్థంలోనే రూఢమయింది కాబట్టి, ‘మాతృవంశం’ అన్నప్పుడు కూడా తల్లి పుట్టిన వంశం అనే, అంటే ఆమె తండ్రి, ఆయన తండ్రి, ఆ పైవాడు అనే క్రమమే స్ఫురిస్తుంది. మాటలో తల్లి ముందున్నా, ఆమెను దాటగానే దారి మళ్ళీ మగవారి మీదుగానే సాగుతుంది.

ఇందుకు మంచి సాక్ష్యం తర్పణ విధిలో ఉంది. తండ్రి వర్గంలో పితృ, పితామహ, ప్రపితామహులకూ వారి భార్యలకూ తిలోదకాలు వదులుతారు. తల్లి వర్గంలో మాతామహునికీ, అంటే తల్లిని కన్న తండ్రికీ, తల్లికి పితామహ ప్రపితామహులైన వారికీ, ఆ ముగ్గురి భార్యలకూ వదులుతారు. ఈ పన్నెండుగురిలో అమ్మమ్మ ఉంది, అమ్మమ్మ తల్లి లేదు. అమ్మమ్మకైనా ఆ చోటు మాతామహుని భార్యగా దక్కిందే తప్ప తల్లిని కన్న తల్లిగా దక్కింది కాదని ఆ క్రమాన్ని చూస్తేనే తెలుస్తుంది.

మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పితామహుని తండ్రి ప్రపితామహుడైనట్లే, మాతామహుని తండ్రి ప్రమాతామహుడు. అంటే ఆయన అమ్మకు నాన్న తండ్రి. అమ్మమ్మ తండ్రి ఆయన కాడు, అమ్మకు మాతామహుడైన వేరొకాయన. ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే రెండు ఇళ్ళ మనుషులు కలిసిపోతారు. కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి తీసుకోండి. గణపతిదేవుని కూతురు రుద్రమదేవి, ఆమె కూతురు ముమ్మడమ్మ, ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడు. రుద్రమదేవి భర్త వీరభద్రుడు నిడదవోలు చాళుక్యుడు కాబట్టి ప్రతాపరుద్రునికి మాతామహుడు ఆయనే, ప్రమాతామహుడు ఆ చాళుక్య వీరభద్రుని తండ్రే. కఠినంగా లెక్కకట్టితే అతని మాతృవంశం నిడదవోలు చాళుక్యవంశమవుతుంది! కాకతి గణపతిదేవుడు అతనికి అమ్మమ్మ తండ్రి. రెండు పదాల్లో చెప్పగలిగిన ఆ సంబంధానికి తర్పణపు పేర్ల పట్టికలో మాట లేదు. రుద్రమదేవి మనవణ్ణి దత్తత తీసుకున్నది కనుకనే 1289లో అతడు కాకతీయుడిగా సింహాసనమెక్కగలిగాడు. మీరు కూడా సంస్కృత పదం కోసం వెతుక్కోకుండా ‘అమ్మమ్మ తండ్రి’ అని హాయిగా రాసుకోండి.

ఇప్పుడు శీర్షిక సంగతి. స్త్రీ నుంచి స్త్రీకి వెళ్ళే క్రమాన్ని ‘తల్లుల పరంపర’ అనడం నాకు ఉచితంగా తోస్తుంది. ‘తల్లి వరుస’ అని మాత్రం రాయకండి, ఎందుకంటే మన ఇళ్ళలో ‘ఆవిడ నాకు తల్లి వరుస’ అంటే పినతల్లో, పెత్తల్లో, ఆ స్థానంలో ఉండే ఇంకొకరో అని అర్థం. జన్యు పరీక్ష చేయించుకున్నవారికి ఈ భేదం మరింత అవసరం. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది కనుక దానికీ పితృవంశానికీ పొత్తు కుదురుతుంది. మైటోకాండ్రియా డీఎన్ఏ మాత్రం బిడ్డలందరికీ తల్లి నుంచి వచ్చినా, కూతుళ్ళ ద్వారానే తరువాతి తరానికి అందుతుంది. అది చూపేది తల్లుల పరంపరనే కాని మనం మాతృవంశమనేదాన్ని కాదు. ఆ నివేదికలను తెలుగు చేసేవారు ఈ రెంటినీ ఒకటిగానే రాసేస్తున్నారు.

తల్లి పేరు కనిపించిన ప్రతిచోటా తల్లుల పరంపర ఉన్నదనుకోవడం కూడా పొరపాటే. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని శాతవాహనులు తల్లి పేరుతో చెప్పుకున్నా రాజ్యం తండ్రి నుంచి కొడుక్కే వచ్చింది. పులుమావి పంతొమ్మిదో పాలనా సంవత్సరపు నాసిక్ శాసనంలో గౌతమీ బాలశ్రీ తనను మహారాజుకు తల్లిననీ, మహారాజుకు పితామహిననీ చెప్పుకున్నది. ఆమె పులుమావికి నాయనమ్మ కాబట్టి పితామహి అన్న మాట అక్కడ అతికినట్లు సరిపోయింది.

ఇంటి మాటల్లో ఒక విశేషముంది. నాయనమ్మ, అమ్మమ్మ అని అవ్వలిద్దరినీ విడదీసి పిలుస్తాం. తెలంగాణలో బాపమ్మ అన్నా, రాయలసీమలో జేజి అన్నా ఆమె తండ్రిని కన్న తల్లి అని వెంటనే తెలిసిపోతుంది. తాతల దగ్గరికి వచ్చేసరికి, అబ్బ, జేజినాయన వంటి మాటలున్న చోట్లను మినహాయిస్తే, ఇద్దరూ తాతలే. కాగితాల మీద ఇది తలకిందులవుతుంది. తాతలకు ఇంటిపేర్లుంటాయి, అవ్వలకు మెట్టినింటి పేరే మిగులుతుంది. అందుచేత పెద్దవారిని ‘అమ్మమ్మ ఇంటిపేరేమిటి’ అని అడిగితే తాతగారి ఇంటిపేరే చెబుతారు. ‘అమ్మమ్మ ఎవరి ఆడపడుచు’ అని అడగండి, పుట్టింటి పేరు బయటికి వస్తుంది. రాసేటప్పుడు కూడా ప్రతి స్త్రీ పేరు పక్కన ‘ఫలానావారి ఆడపడుచు, ఫలానావారి కోడలు’ అని రెండూ చేర్చండి. పాత శుభలేఖల్లో ‘పౌత్రి’, ‘దౌహిత్రి’ అన్న మాటలుంటే వాటిని వదలకండి. దౌహిత్రి అన్నచోట ఉన్న పేరు వధువు తల్లిని కన్న తండ్రిది.

మేనరికాలున్న ఇళ్ళలో ఏ పదమూ సరిపోదు. మీ వంశంలో ఎవరైనా అక్క కూతురిని చేసుకుని ఉంటే, వారి పిల్లలకు నాయనమ్మే అమ్మమ్మకు తల్లి కూడా అవుతుంది. ఒకే మనిషి పితృవంశంలో రెండో మెట్టు మీదా, తల్లుల పరంపరలో మూడో మెట్టు మీదా కనబడుతుంది. అటువంటి చోట ఆమె పేరు రెండుచోట్లా రాసి, రెండోచోట ‘ఈమే నాయనమ్మ’ అని ఒక ముక్క చేర్చండి. లేకపోతే చదివేవారు ఒకే పేరు గల ఇద్దరు స్త్రీలున్నారని అనుకుంటారు.