వంట నేర్పిస్తున్నారు సరే, మార్కులు తగ్గితే మీకు చెప్పగలదా?

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఒక ఊరు. ఇరవై ఏళ్లుగా కువైట్‌లో, మంగాఫ్‌లో ఉంటున్నాం. నేను ఆయిల్ రంగంలో కాంట్రాక్టు ఇంజనీరుని. మా ఒక్కగానొక్క అమ్మాయి ఇక్కడే పుట్టి, ఇక్కడి ఇండియన్ స్కూల్లో సీబీఎస్ఈ ప్లస్ టూ 94 శాతంతో పాసైంది. సెప్టెంబరులో మాంచెస్టర్‌లో కంప్యూటర్ సైన్స్ బీఎస్సీలో చేరాలి. స్కూలు బస్సు మా బిల్డింగ్ కిందికే వచ్చేది. ఒంటరిగా ఎక్కడికీ వెళ్లలేదు. ఇప్పుడు మా ఆవిడ హడావిడిగా వంట నేర్పిస్తోంది, రోజూ ఇద్దరికీ గొడవే. మొదటి ఆరు నెలలు తనూ అక్కడే గది తీసుకుని తోడుంటానంటోంది. మా అన్నయ్యేమో, ‘అంత దూరం ఎందుకురా, విజయవాడ దగ్గర మంచి ప్రైవేటు యూనివర్సిటీలో వేసెయ్, నేను చూసుకుంటా’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: భయం ఒక్కటే కారణమైతే ఆ సీటు వదులుకోవద్దు. అమ్మగారు ఆరు నెలలు వెళ్లి ఉండటం మాత్రం అస్సలు వద్దు. విజిటర్ వీసా మీద ఆరు నెలల వరకు ఉండనిస్తారు, నిజమే. కానీ యూనివర్సిటీ హాల్‌లో, అంటే హాస్టల్లో, అమ్మాయి గదిలో ఉండనివ్వరు. ఆవిడ బయట గది తీసుకుంటే, క్లాసు అయిపోగానే అమ్మాయి కాళ్లు అటే లాగుతాయి. మొదటి మూడు నాలుగు వారాల్లోనే అక్కడ స్నేహాలు కుదురుకుంటాయి. వంటగదిలో ఒకరికొకరు పేర్లు చెప్పుకునేది, సొసైటీల్లో, అంటే విద్యార్థుల క్లబ్బుల్లో చేరేది, ‘రేపు లెక్చర్‌కి కలిసి వెళ్దామా’ అనుకునేది అప్పుడే. ఆ సాయంత్రాలు అమ్మ గదిలో గడిస్తే, ఆవిడ తిరిగి వచ్చేసరికి పిల్ల నిజంగానే ఒంటరిదవుతుంది. వెళ్లాలనిపిస్తే నాలుగైదు రోజులు వెళ్లి దుప్పట్లు, గిన్నెలు, సిమ్ కొనిపెట్టి, కొత్త విద్యార్థులకు జరిపే వెల్కమ్ వీక్ మొదలయ్యే రోజు విమానం ఎక్కేయమనండి.

ఇక అమ్మాయికి ఏం రాదన్న సంగతి. మీరు వంట, బట్టలు అని లెక్కపెడుతున్నారు. ఆ రెండూ రెండు వారాల్లో వచ్చేస్తాయి, ఆకలే నేర్పుతుంది. మీ ఇంట్లో పనులు ఎలా జరుగుతాయో ఒకసారి చూడండి. నీళ్ల బాటిళ్లు కావాలంటే బకాలాకి, అదే వీధి కొట్టుకి, ఫోన్. కుళాయి కారుతుంటే బిల్డింగ్ కాపలాదారు హారిస్ వచ్చి చూస్తాడు. వీసా కాగితాలు మందూబ్, అంటే ఆఫీసుల చుట్టూ తిరిగి పనులు చేయించే మనిషి, చూసుకుంటాడు. ఆసుపత్రికి మీరే కారులో తీసుకెళ్లి, డాక్టరుకి లక్షణాలు కూడా మీరే చెబుతారు. అంటే ముక్కూమొహం తెలియని మనిషి దగ్గరికి వెళ్లి ‘నాకీ ఇబ్బంది ఉంది, ఏం చేయాలి?’ అని తన నోటితో అడిగే అవసరమే ఆ అమ్మాయికి ఎప్పుడూ రాలేదు. గల్ఫ్‌లో పెరిగిన తెలివైన పిల్లలు చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఇంకోటి ఇంతకన్నా పెద్దది. వాళ్లకి చెడ్డవార్త చెప్పడం రాదు. నాన్న ఎండలో కష్టపడుతున్నాడు, అమ్మ నా కోసమే ఉద్యోగం మానేసింది అని వింటూ పెరిగిన పిల్ల, మిమ్మల్ని బాధపెట్టే మాట చెప్పడం కన్నా దాచడమే మంచిదనుకుంటుంది.

అదెలా ముదురుతుందో చెబుతాను. నవంబరులో ఒక కోర్స్‌వర్క్ సమయానికి పూర్తికాదు. సిగ్గేసి ఆ వారం ల్యాబ్‌కి వెళ్లదు, వెళ్తే అడుగుతారని. హాజరు గురించి ఈమెయిల్ వస్తుంది, తెరవదు. రోజూ సాయంత్రం మీకు ఫోన్‌లో మాత్రం ‘తిన్నానమ్మా, బాగానే ఉంది’ అంటుంది. ఈలోగా జనవరి పరీక్షలు వచ్చేస్తాయి. ఒంట్లో బాగోలేకపోయినా, మనసు బాగోలేకపోయినా ‘మిటిగేటింగ్ సర్కమ్‌స్టాన్సెస్’ అని ఒక దరఖాస్తు ఉంటుంది. ఆధారాలు జతచేసి గడువులోగా ఇస్తే గడువు పెంచడమో, పరీక్ష మళ్లీ మొదటిసారి రాసినట్టుగానే రాయనివ్వడమో చేస్తారు. దాచుకున్న పిల్ల ఆ గడువు దాటేస్తుంది. తర్వాత ఆగస్టులో రీసిట్, అంటే తప్పిన పరీక్ష మళ్లీ రాసినా మార్కుకి సాధారణంగా ఒక పైహద్దు పెడతారు. పైగా విదేశీ విద్యార్థికి యూనివర్సిటీయే వీసా స్పాన్సరు. చదువులో పాల్గొనడం మానేస్తే వీసాలు చూసే ప్రభుత్వ శాఖ హోం ఆఫీస్‌కి తెలియజేయాల్సిన బాధ్యత దానిది. అంటే మొహమాటంతో మొదలైన వ్యవహారం వీసా దాకా పోగలదు.

మీరు ఫోన్ చేసి కనుక్కుందామన్నా కుదరదు. పద్దెనిమిది నిండిన విద్యార్థి వివరాలు ఆమె అనుమతి లేకుండా తల్లిదండ్రులకు చెప్పరు. ‘ఫీజు కట్టేది నేను’ అన్నా సరే. చేరేటప్పుడే మీ పేరు అత్యవసర కాంటాక్టుగా ఇమ్మని అమ్మాయితో మాట్లాడుకోండి. అదైనా ప్రమాదం లాంటి సందర్భాలకే, మార్కుల కోసం కాదు.

మార్కుల లెక్క మీరు కూడా కొత్తగా నేర్చుకోవాలి. అక్కడ 70 దాటితే ఫస్ట్ క్లాస్. 60 నుంచి 69 వరకు టూ-వన్ అంటారు. చాలా కంపెనీలు ఉద్యోగానికి అడిగేది దాన్నే. 40 వస్తే పాస్. మీ 94 శాతం అమ్మాయికి మొదటి అసైన్‌మెంట్‌లో 58 రావచ్చు. అప్పుడు మీ నోటి నుంచి ‘58 ఏంటమ్మా!’ అని వచ్చిందా, రెండో మార్కు మీకు తెలియదు. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది మార్కులు డిగ్రీ క్లాసు లెక్కలోకి రావు. పాసైతే చాలు. తప్పులు చేయడానికి ఆ ఏడాదిని మించిన సమయం లేదు.

మరి ఈ రెండున్నర నెలల్లో ఏం చేయాలి? ముందుగా మీ ఇంట్లోని చెడ్డవార్త ఒకటి అమ్మాయికి చెప్పండి. కాంట్రాక్టు ఎప్పటికి ముగుస్తుందో, లోను ఎంత తీసుకుంటున్నారో, ఒక ఏడాది ఫీజుకి మీకెన్ని నెలల జీతం పడుతుందో కూర్చోబెట్టి చెప్పండి. ‘పిల్ల టెన్షన్ పడుతుంది’ అంటారేమో. కొంచెం పడనివ్వండి. ఇంట్లో కష్టం మాట్లాడుకోవచ్చు అని తెలిస్తేనే రేపు తన కష్టం మీ దగ్గరికి వస్తుంది.

వీసా దరఖాస్తు తననే నింపమనండి. మీరు పక్కన కూర్చోండి, మౌస్ మాత్రం ముట్టుకోవద్దు. హాల్ గది ఎంచుకోవడం, డిపాజిట్ కట్టడం, యూనివర్సిటీకి ఫోన్ చేసి అనుమానాలు అడగడం అన్నీ తనే. ఫోన్‌లో అవతలివాళ్ల యాస అర్థంకాక మీ చేతికి ఇవ్వబోతుంది, తీసుకోకండి. ‘మళ్లీ నెమ్మదిగా చెప్పండి’ అని అడగడమే తను నేర్చుకోవాల్సిన పాఠం. ఒక వారం ఇంటి సరుకుల డబ్బు మొత్తం తన చేతికివ్వండి. మంగళవారానికే ఖర్చు పెట్టేస్తే మిగతా రోజులు అందరూ పప్పన్నం తినండి. అమ్మగారు జేబులోంచి రెండు దినార్లు తీసి సర్దకుండా చూసే పూచీ మీది.

మరి వంట? అన్నం, పప్పు, ఒక కూర, గుడ్లు వస్తే చాలు. అయితే హాల్ వంటగదిలో పోపు గురించి మాత్రం చెప్పి పంపండి. నూనె పొగలు కక్కేలా కాగబెట్టి ఎండుమిర్చి వేస్తే పొగకి అలారం మోగుతుంది, రాత్రి పదకొండింటికి బిల్డింగ్ మొత్తం చలిలో రోడ్డు మీద నిలబడుతుంది. ఆ తర్వాత వారం రోజులు ఫ్లాట్‌మేట్స్ చూసే చూపు భరించడం కష్టం. ముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కారిడార్ తలుపు మూసి, చిన్న మంట మీద చేసుకోమనండి. కరివేపాకు, కందిపప్పుకి బెంగ లేదు, విల్మ్‌స్లో రోడ్డులో రషోమ్ దాకా బస్సెక్కితే దొరుకుతాయి.

ఆరోగ్యానికి వీసాతోపాటే ఏడాదికి 776 పౌండ్లు సర్‌చార్జి కడుతున్నారు కదా, దాన్ని వాడుకోవాలి. వెళ్లిన మొదటి వారంలోనే దగ్గర్లోని జీపీ, అంటే మామూలు జబ్బులు చూసే డాక్టరు, దగ్గర పేరు నమోదు చేసుకోమనండి. పిల్లలు జ్వరం వచ్చాక నమోదుకి బయల్దేరతారు. అత్యవసరం కాని సందేహాలకు 111, ప్రాణం మీదికొస్తే 999. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగు కాకముందే చీకటి పడుతుంది. కువైట్ ఎండలో పెరిగిన పిల్లకి అది గట్టిదెబ్బే. విటమిన్ డి వేసుకోమనండి, చలికాలంలో అందరినీ వేసుకోమని అక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లే చెబుతారు.

తెలుగువాళ్లు అక్కడ చాలామందే కనిపిస్తారు, కానీ ఎక్కువమంది హైదరాబాద్, విజయవాడల నుంచి మాస్టర్స్‌కి వెళ్లినవాళ్లు. మీ అమ్మాయి కన్నా నాలుగైదేళ్లు పెద్ద. అన్నలు, అక్కలు మంచివాళ్లే, బియ్యం మూట ఎక్కడ దొరుకుతుందో వాళ్లే చెబుతారు. అయితే అప్పులు నెత్తిమీద ఉన్నవాళ్ల లెక్కలు వేరు. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఇంకొకరి పేరు మీద ఫుడ్ డెలివరీ చేయడం, స్టూడెంట్ వీసా మీద సొంతంగా వ్యాపారం పెట్టడం నిబంధనలకు విరుద్ధం. ‘నీ అకౌంట్‌లోకి డబ్బు వస్తుంది, నాకు పంపేసి కొంత ఉంచుకో’ అని ఎవరడిగినా ఆ మాట అక్కడితో తెంచేయమనండి. అది దొంగసొమ్ము కావచ్చు. అకౌంట్ పోతుంది, కేసు తన మీదికి వస్తుంది.

ఫోన్ విషయంలో మీరిద్దరూ కాస్త గట్టిగా ఉండాలి. చలికాలంలో మీకూ అక్కడికీ మూడు గంటల తేడా. మీరు భోజనం చేసి రాత్రి తొమ్మిదికి వీడియో కాల్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరు. సరిగ్గా అందరూ వంటగదిలో చేరే వేళ. రోజూ ఆ గంట మీతో గడిపితే ఆ ఫ్లాట్‌లో తను అతిథిగా మిగిలిపోతుంది. శనివారం తీరిగ్గా ఒకటి, మధ్యలో ఒకటి చాలు. మిగతా రోజులు మెసేజ్ సరిపోతుంది. లొకేషన్ షేరింగ్ తీసేయండి. ‘ఏం తిన్నావు’ అని అడిగితే ‘అన్నం’ అని జవాబు వస్తుంది. ‘ఈ వారం ఏది కష్టంగా అనిపించింది’ అని అడిగి, చెప్పేటప్పుడు మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి.

మీ అన్నయ్య మాట కొట్టిపారేయను. డబ్బు కోణంలో అది ఆలోచించదగ్గదే. మూడేళ్ల ఫీజు, మీ కాంట్రాక్టు ఉద్యోగం, పైగా అక్కడ చదువయ్యాక పని వెతుక్కోవడానికిచ్చే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే బీఎస్సీవాళ్లకు 18 నెలలే. మీ అమ్మాయి ఆ లెక్కలోకే వస్తుంది. లోను తీర్చేది అక్కడి జీతమే అనుకుని సంతకం పెట్టకండి, ఆ జీతం రాకపోయినా కట్టగలిగేంతే తీసుకోండి. అది కుదరకపోతే ఇండియాయే మంచిది. కానీ ‘పిల్ల తట్టుకోలేదు’ అన్నదే కారణమైతే విజయవాడ దాన్ని తీర్చదు. మీకది సొంతగడ్డ, ఆ అమ్మాయికి ఏటా నెల రోజులు చూసిన సెలవుల ఊరు. అక్కడా తను కొత్తే, పైగా పెదనాన్న రూపంలో మరో మందూబ్ తయారుగా ఉంటాడు.

చివరగా రెసిడెన్సీ సంగతి. ఆరు నెలలు దాటి కువైట్ బయట ఉంటే తన రెసిడెన్సీ ఏమవుతుంది, చదువుకునే పిల్లలకు ఏ కాగితాలు పెట్టాలి అని ఇప్పుడే మీ మందూబ్‌ని అడగమని అమ్మాయినే పంపండి. క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చే టికెట్టు తననే బుక్ చేయనివ్వండి. జనవరి పరీక్షల తేదీలు ఆలస్యంగా ప్రకటిస్తారు కాబట్టి తిరుగు ప్రయాణం మార్చుకోవడానికి వీలున్న టికెట్టే తీసుకోమనండి, కాస్త ఎక్కువైనా.