పియేర్ ఎతెక్స్ సినిమాలు ఎందుకు ఆపేశారు?

ప్రశ్న: ఒక ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలో ‘యోయో’ (1965) అనే ఫ్రెంచి హాస్యచిత్రం చూశాను. తండ్రిగానూ కొడుకుగానూ తానే నటించి, దర్శకత్వం వహించిన పియేర్ ఎతెక్స్‌కు అంతకుముందే ఆస్కార్ వచ్చిందని అక్కడ చెప్పారు. అంతటి ప్రతిభావంతుడు ఐదు పెద్ద చిత్రాలతోనే ఎందుకు ఆగిపోయారు? చాప్లిన్, జాక్ తాతి పేర్లు తెలిసిన మాకు ఈయన పేరు ఇన్నాళ్లూ ఎందుకు చేరలేదు?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఈ రెండింటికీ కారణాలు వేరువేరు. ఆయన చిత్రాలు ఆగిపోవడానికి 1971లో విడుదలైన ఒక సినిమా కారణమైతే, ఆయన పేరు మరుగున పడటానికి హక్కుల తగాదా కారణం.

1928లో రోఆన్ పట్టణంలో పుట్టిన ఎతెక్స్ మొదట చిత్రకారుడు. తన బొమ్మలు పట్టుకొని పారిస్‌లో ఫ్రెంచి హాస్యచిత్రాల దర్శకుడు జాక్ తాతిని కలిస్తే, ఆయన ‘మోన్ ఓంక్ల్’ (1958) కోసం హాస్య సన్నివేశాలు ఊహించి గీసే పని అప్పగించారు. ఆ చిత్రం పోస్టరు కూడా ఎతెక్స్ గీసిందే. తాతి చిత్రాలను నవలలుగా మలిచిన జాన్ క్లోద్ కార్యేర్‌తో స్నేహం ఆ రోజుల్లోనే కుదిరింది. ఇంగ్లిషు నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ ప్రదర్శించిన మహాభారత నాటకాన్ని తరువాతి కాలంలో రాసింది ఈ కార్యేరే కనుక, మన పాఠకులలో కొందరికి ఆయన పేరు పరిచితమే.

ఇద్దరూ కలిసి తీసిన లఘుచిత్రాలలో రెండవదానికి, అంటే 1962 నాటి పెళ్లిరోజు కథకు, ఆస్కార్ వచ్చింది. భార్య ఇంట్లో భోజనం సిద్ధం చేసి ఎదురుచూస్తుంటుంది. భర్త కానుకలతో పారిస్ ట్రాఫిక్‌లో ఇరుక్కుపోతాడు. దారికి అడ్డంగా ఉన్న తన కారు తీయడానికి మంగలి దుకాణం నుంచి సబ్బు నురగ ముఖంతోనే పరుగెత్తుకొచ్చిన పెద్దమనిషి కూడా ఆ రద్దీలో చిక్కుకుంటాడు. చివరకు భర్త ఇల్లు చేరేసరికి భార్య ఒంటరిగానే తిని, తాగి, బల్ల దగ్గరే నిద్రపోయి ఉంటుంది. మాటలు దాదాపు అక్కరలేని ఈ కథలో ఎవరూ చెడ్డవారు కారు, ఎవరి తప్పూ లేదు. ఆ మంచితనమే ఎతెక్స్ హాస్యానికి ఆయువుపట్టని నా అభిప్రాయం.

తొలి పెద్ద చిత్రం ‘ల సుపిరా’ (1963)కు ఫ్రాన్సులో గౌరవనీయమైన లూయీ దెలూక్ పురస్కారం లభించింది. ఆ తరువాత వచ్చిన ‘యోయో’ మీరు చూసిందే. 1925లో మొదలయ్యే తొలి భాగాన్ని మూకీ పద్ధతిలో నడిపి, తలుపుల కిర్రుమనే చప్పుడు వంటి శబ్దాలను మాత్రం వినిపిస్తూ, 1929 ఆర్థిక పతనంతో కోటీశ్వరుడు కోట విడిచి సర్కస్ బండి ఎక్కేవేళకు కథను టాకీలోకి తీసుకురావడం సాహసమే. ‘ల గ్రాఁ దమూర్’ (1969)లో నాయకుడి మంచం పడకగది నుంచి కదిలి, కారులాగా పల్లె రోడ్డు మీద సాగిపోయే కల ఉంది. దారిలో ఇతరుల మంచాలూ ఎదురవుతాయి. ఒకాయన చెడిపోయిన మంచం కింద దూరి మరమ్మతు చేసుకుంటుంటాడు. ఈ మంచాల ప్రయాణం అంత అందమైన హాస్యం ఆ దశాబ్దపు సినిమాలో అరుదు.

ఆ పైన వచ్చిందే ‘పేయీ ద కొకాఞ్’ (1971). వేసవి సెలవుల్లో గుడారాలలో విడిది చేసే సామాన్య జనాన్నీ, వారి వినోదాలనూ, అభిప్రాయాలనూ చిత్రించి కూర్చిన డాక్యుమెంటరీ అది. దర్శకుడు సామాన్యులను చిన్నచూపు చూశాడని విమర్శకులు తీవ్రంగా మండిపడ్డారు. ఆ ఆరోపణలో కొంత నిజం ఉన్నా, ఒక్క చిత్రానికి అంతటి శిక్ష పడటం అన్యాయమనే నేను భావిస్తాను. మళ్లీ పెద్ద తెరకు దర్శకుడిగా ఆయన వచ్చింది 1989లో, అదీ గోపురాకారపు భారీ తెర కోసం తీసిన ప్రత్యేక చిత్రంతో.

అయితే ఆయన ఖాళీగా కూర్చోలేదు. సుప్రసిద్ధ సర్కస్ కుటుంబానికి చెందిన ఆనీ ఫ్రతెలీనిని 1969లో వివాహమాడి, 1974లో ఆమెతో కలిసి పారిస్‌లో సర్కస్ పాఠశాల స్థాపించారు. బరిలో ఆయన తెల్లముఖపు దర్పం గల జోకర్, ఆమె తికమకల జోకర్. ఆ రెండవ వేషం అప్పటికి స్త్రీలు కట్టడం చాలా అరుదు. ‘యోయో’ ముగింపులో వైభవం వదిలి ఏనుగెక్కి వెళ్లిపోయే కొడుకును చూసినవారికి, సర్కస్ ఆయనకు ఓటమి తరువాతి ఆశ్రయం కాదనీ, మొదటి నుంచీ ఉన్న ప్రేమ అనీ తెలుస్తుంది.

ఇక హక్కుల సంగతి. ఒక సంస్థతో కుదిరిన ఒప్పందంపై వివాదం కోర్టుకెక్కడంతో, ఈ చిత్రాలు ఏళ్ల తరబడి థియేటర్లలోనూ డిస్కుల రూపంలోనూ దొరకలేదు. వాటి విడుదల కోరుతూ సాగిన ఉద్యమంలో వేలాదిమంది సంతకాలు చేశారు. 2009లో తీర్పు అనుకూలంగా వచ్చాక ప్రతులను పునరుద్ధరించి, 2010లో తిరిగి విడుదల చేశారు. తన పని మళ్లీ ప్రేక్షకుల ముందుకు రావడాన్ని ఆయన కళ్లారా చూసి, 2016లో 87వ ఏట కన్నుమూశారు.

ప్రశ్న: ఇంట్లో పిల్లలతో కలిసి చూడాలంటే ఆయన చిత్రాలలో ఏది మొదట చూడాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: పెళ్లిరోజు లఘుచిత్రంతో మొదలుపెట్టండి. అది పావుగంటలోపే ముగుస్తుంది, భాష రాకపోయినా అర్థమవుతుంది. తరువాత ‘యోయో’ చూపించండి. ‘పేయీ ద కొకాఞ్’ను పెద్దవారు విడిగా చూసుకోవచ్చు.