పొద్దున నడక బాగుండి, సాయంత్రానికి మునివేళ్ల మీద నడిచే పాప: సమాధానం

మీ ఆరేళ్ల పాప సాయంత్రానికి మునివేళ్ల మీద నడుస్తోందని, ఇది సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల లోపం) కావచ్చా అని అడిగారు. నిద్రపోయి లేస్తే మళ్లీ మామూలే, ఎమ్మారై కూడా నార్మల్ అన్నారు. కాబట్టి సెరిబ్రల్ పాల్సీ అని అప్పుడే ఒప్పేసుకోకండి. ముందు అనుమానించాల్సింది డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే బిగుసుకుపోయే, లెవోడోపా అనే మందుకు తగ్గే జబ్బు. సెగావా జబ్బు అనీ అంటారు. జన్యువుల్లో వచ్చేదే, కానీ మందుకు బాగా లొంగుతుంది.

1. రెండు వీడియోలు తీయండి. నిద్ర లేవగానే ఒకటి, సాయంత్రం ఆటలయ్యాక ఒకటి. అదే వరండా, చెప్పుల్లేకుండా, పాదాలు కనిపించేలా. అందరూ వదిలేసేది ఇదేనండీ. ఓపీ పొద్దున పూట ఉంటుంది, డాక్టరు ముందు పాప చక్కగా నడిచేస్తుంది, మీ మాట ఎవరూ నమ్మరు.

2. ఆ వీడియోలతో పిల్లల న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లి, లెవోడోపా ఇచ్చి చూస్తారా అని సూటిగా అడగండి. ఈ జబ్బే అయితే తక్కువ మోతాదుకే, సాధారణంగా కొద్ది రోజుల్లో లేదా వారాల్లో, తేడా తెలుస్తుంది. పెద్దవాళ్ల వణుకుడు జబ్బు పార్కిన్సన్స్‌కి వాడేదీ ఇదే మందు. అలాగని ఇంట్లో తాతగారి మాత్ర విరిచి వేయొద్దు!

3. జీసీహెచ్1 (ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యే జీన్) టెస్ట్ గురించీ అడగండి. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. "మా ఇంట్లో ఎవరికీ లేదు" అన్నారు గానీ, ఆ జీన్‌లో మార్పు ఉన్న తల్లికో తండ్రికో లక్షణాలే లేకపోవచ్చు.