పిచ్చి శాస్త్రవేత్తల పాత కథలను కొత్తగా రాస్తే చదవాలా? ఎక్కడ మొదలుపెట్టాలి?

అడిగిన ప్రశ్న ఇదీ: ‘ఫ్రాంకెన్‌స్టైన్, జెకిల్–హైడ్, డాక్టర్ మొరో లాంటి పాత గోథిక్ భయానక కథలను ఈమధ్య చాలామంది తిరగరాస్తున్నారు. అవి చదవదగ్గవేనా? మూలం చదవకుండా నేరుగా వాటిలోకి దిగితే అర్థమవుతాయా?’

సూటిగా చెప్పాలంటే, కొన్ని మూలం పక్కన దర్జాగా నిలబడతాయి, చాలావరకు నిలబడవు. జెకిల్ విషయంలో మూలం చదవకపోయినా నడుస్తుంది. ఫ్రాంకెన్‌స్టైన్ విషయంలో మాత్రం నడవదు. ఎందుకో చెప్పడానికి కాస్త చోటు కావాలి. దారిలో కథల గుట్లు కొన్ని బయటపడతాయి, అది ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను ఈ కథల్లోకి సినిమాల దారిన వచ్చాను. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ నవల తెరిచేనాటికి నా తలలో ఉన్నదంతా 1931 నాటి సినిమా బొమ్మే: మెడకు బోల్టులు, చదునైన నడినెత్తి, మూలుగు తప్ప మాట రాని నోరు, పక్కన గూని సహాయకుడు. నవలలో ఇవేవీ లేవు. ఆ ప్రాణిని తయారుచేసిన విక్టర్ ఫ్రాంకెన్‌స్టైన్ డాక్టరే కాదు, ఇంగోల్‌స్టాట్‌లో చదువుకుంటున్న కుర్రాడు. సహాయకుడనేవాడు లేడు. ప్రాణం ఎలా పోశాడో చెప్పనే చెప్పడు, చెప్తే ఇంకొకడు ఆ పని చేస్తాడేమోనని భయం. ఇక ఆ ప్రాణి మాట్లాడుతుంది. అధ్యాయాలకు అధ్యాయాలు మాట్లాడుతుంది. ఒక కుటుంబాన్ని గోడ సందులోంచి చూస్తూ భాష నేర్చుకుంటుంది, మిల్టన్ రాసిన ‘పారడైజ్ లాస్ట్’ కావ్యం చదువుతుంది, తనను ఆదాముతో పోల్చుకుంటుంది, ఆ వెంటనే సైతానుతోనూ పోల్చుకుంటుంది. తనను పుట్టించినవాణ్ని కూర్చోబెట్టి నిలదీస్తుంది.

ఆ నోరు నొక్కింది సినిమావాళ్లు కాదు. నవల 1818లో వస్తే, 1823 కల్లా లండన్ రంగస్థలం మీద అది నాటకంగా ఆడింది. ప్రాణి మూగదైపోయింది అక్కడే. ఫ్రిట్జ్ అనే సహాయకుడు పుట్టింది కూడా అక్కడే. నవల రాసిన మేరీ షెల్లీ స్వయంగా వెళ్లి ఆ నాటకం చూసింది. తర్వాత 1831లో తన నవలను తనే దిద్దింది. విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ మొదటి ప్రతిలో అతని మేనత్త కూతురు, రెండోదాంట్లో ఎవరి దగ్గర్నుంచో తెచ్చి పెంచుకున్న పిల్ల. మొదటిదాంట్లో విక్టర్ తప్పులు విక్టర్‌వే, రెండోదాంట్లో విధి మీదికి నెట్టడం ఎక్కువైంది. కాబట్టి ‘మూలాన్ని పాడుచేశారు’ అనే ఫిర్యాదు ఈ కథ విషయంలో నాకు అంతగా ఎక్కదు. రచయిత్రి బతికుండగానే, ఆవిడ చేతిలోనే, అది మారుతూ వచ్చింది.

మరి మంచిదేదో చెడ్డదేదో ఎలా తేల్చడం? నేను చూసేది ఒకటే: ఈసారి కథ ఎవరు చెప్తున్నారు, వాళ్లను ఎంతవరకు నమ్మొచ్చు? పాత గోథిక్ నవలలు సాక్ష్యాల మూటలు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’లో వాల్టన్ అనే నావికుడు ఇంగ్లండులో ఉన్న తన సోదరికి ఉత్తరాలు రాస్తుంటాడు. ఆ ఉత్తరాల్లో విక్టర్ చెప్పింది ఉంటుంది, విక్టర్ చెప్పినదాంట్లో ప్రాణి చెప్పింది ఉంటుంది. అంటే ప్రాణి గోడు మన దాకా వచ్చేసరికి రెండు చేతులు మారింది, అందులో ఒక చెయ్యి దాని శత్రువుది. ఈ సంగతి పట్టుకున్న రచయితలు గెలిచారు. ప్రయోగశాల, గాజు సీసాలు, ఉరుములు మాత్రమే పట్టుకున్నవాళ్లు బొమ్మల కొలువు పెట్టారు.

ఈ లెక్కన నా మొదటి ఓటు ఆలస్‌డెయిర్ గ్రే రాసిన ‘పూర్ థింగ్స్’ నవలకు (1992). గ్లాస్గో నగరం. గాడ్విన్ బాక్స్‌టర్ అనే వైద్యుడు, నీళ్లలో దూకి చనిపోయిన గర్భిణికి ఆమె కడుపులోని బిడ్డ మెదడే అమర్చి బతికిస్తాడు. ఒళ్లు పెద్దది, మనసు పసిది, పేరు బెల్లా. ఈ కథంతా ఆమె భర్త రాసిపెట్టిన జ్ఞాపకం. పుస్తకం చివర ఆ భార్య ఉత్తరం ఒకటి ఉంటుంది. మా ఆయన రాసినదంతా కల్పన, పాత భయానక కథల నుంచి ఏరుకొచ్చిన సరుకు, నేను మామూలుగా పుట్టి పెరిగిన మనిషిని అంటుంది అందులో. దాని మీద సంపాదకుడి వేషంలో గ్రే చేర్చిన వివరణలు మళ్లీ భర్త పక్షం వహిస్తాయి. ఎవరిది నిజమో తేల్చుకోవడం మన పని.

2023లో వచ్చిన సినిమా చూసి ఇష్టపడ్డ స్నేహితురాలికి ఈ పుస్తకం ఇచ్చాను. ఉత్తరం దగ్గరికి రాగానే ఫోన్ చేసింది.

‘ఇంతసేపూ నన్ను వెర్రిదాన్ని చేశాడేమిటే ఈయన?’

‘ఎవరు, మొగుడా, గ్రేనా?’

‘అదే తెలియట్లేదు’ అంది, కోపంగానే.

సినిమాలో ఆ ఉత్తరం లేదు. కథ గ్లాస్గో వదిలి లండన్‌కు వచ్చింది, చూపు మొత్తం బెల్లాది అయింది. ఎమ్మా స్టోన్‌కు ఆస్కార్ తెచ్చిన నటన అది, దాని గురించి రెండో మాట లేదు. కానీ నవల అడిగిన ప్రశ్న తెరమీద మాయమైంది. ఒక స్త్రీని మొగవాళ్లు తయారుచేశారా, లేక తయారుచేశామని చెప్పుకుంటున్నారా? సినిమాలో ఆమెను నిజంగానే తయారుచేశారు, ఇక అడగడానికేముంది.

జెకిల్ కథకు వేరే చిక్కు ఉంది. 1886లో స్టీవెన్సన్ దాన్ని అపరాధ పరిశోధనలా రాశాడు. అటర్సన్ అనే లాయరు వెతుకుతూ పోతాడు, హైడ్ ఎవరో చివరి రెండు అధ్యాయాల్లో గానీ తేలదు. డాక్టర్ జెకిల్ మందు తాగి హైడ్‌గా మారతాడన్న ఆ గుట్టు ఇవాళ నవల తెరవని వాళ్లక్కూడా తెలుసు. గుట్టు చచ్చిపోయిన కథను మళ్లీ చెప్పి భయపెట్టడం ఎలా? వాలెరీ మార్టిన్ 1990లో ‘మేరీ రైలీ’ నవలతో దీనికి చూపించిన ఉపాయం నాకు చాలా నచ్చింది. అది జెకిల్ ఇంట్లో పనిచేసే అమ్మాయి డైరీ. స్టీవెన్సన్ పుస్తకంలో ఆడవాళ్లు ఉన్నారా లేరా అన్నట్టు ఉంటారు: కిటికీలోంచి హత్య చూసి మూర్ఛపోయే పనిమనిషి ఒకామె, చివరి రాత్రి హాల్లో భయంతో ఏడ్చే పనిమనిషి ఒకామె, ఇలా కాసేపు కనిపించి పోయేవాళ్లే. ఆ ఏడుపు వెనక మనిషిని మార్టిన్ తీసుకొచ్చింది.

మనకు తెలుసు, మేరీకి తెలియదు. అయ్యగారి ఆరోగ్యం బాగాలేదని దిగులుపడుతుంది, పొయ్యిలు వెలిగిస్తుంది, మెట్లు తుడుస్తుంది, రాత్రిపూట అడుగుల చప్పుడు వింటుంది. ఆమె రాసిన ప్రతి మామూలు వాక్యం కిందా మనకు ఒణుకు పుడుతుంది. పైగా ఆమె చిన్నప్పుడు తాగుబోతు తండ్రి చేతిలో నరకం చూసిన పిల్ల. మంచివాడే రెండో గ్లాసు తర్వాత ఇంకొకడవుతాడని ఆమెకు చెప్పడానికి మందుల శాస్త్రం అక్కర్లేదు. స్టీవెన్సన్‌ను కొత్తగా వెలిగించిన చోటు ఇదే. దీని మీద 1996లో వచ్చిన సినిమా చూడకపోయినా నష్టం లేదు.

ఇదే ఉపాయం 2020 నాటి ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ సినిమా కూడా వాడుకుంది. దీనికి మూలమైన ఎచ్. జి. వెల్స్ నవల (1897) గ్రిఫిన్ అనే శాస్త్రవేత్త చుట్టూ తిరుగుతుంది, కనిపించని మనిషి అతనే. వాడు మొదట్నుంచీ దుర్మార్గుడే. పరిశోధన కోసం తండ్రి దగ్గర డబ్బు దొంగిలిస్తాడు, అది వేరేవాళ్ల డబ్బు కావడంతో తండ్రి కాల్చుకుని చనిపోతాడు, వీడు చెక్కుచెదరడు. సినిమా అతణ్ని పక్కకు నెట్టి, అతని దగ్గర్నుంచి పారిపోయిన స్త్రీని మధ్యలో నిలబెట్టింది. కెమెరా ఖాళీ గది మూల వైపు తిరిగి ఊరికే ఆగిపోతుంది. అక్కడ ఏమీ లేదు, లేదా ఉంది. ఆమె మాట ఎవరూ నమ్మరు. కనిపించని మనిషి అంటే వెల్స్‌కు వింత, ఇక్కడ అది కాపురంలో జరిగే హింసకు సరిపోయే రూపం.

డాక్టర్ మొరో దగ్గర మాత్రం నాకు సగం సంతృప్తే. 1896లో వెల్స్ రాసిన మూలంలో మొరో జంతువులను మత్తు లేకుండా కోసి మనుషుల ఆకారం తెప్పిస్తాడు. బతికున్న జంతువుల మీద కోతల గురించి బ్రిటన్‌లో అప్పటికే పెద్ద గొడవ నడిచి, 1876లో చట్టం కూడా వచ్చింది. సిల్వియా మొరేనో గార్సియా 2022లో రాసిన ‘ది డాటర్ ఆఫ్ డాక్టర్ మొరో’ దీన్ని మెక్సికోలోని యుకటాన్‌కు, 1870ల్లోకి మార్చింది. మాయా ప్రజల తిరుగుబాటు సాగుతున్న కాలం. ఇందులో చక్కటి ఆలోచన ఒకటుంది: మొరోకు డబ్బు పెట్టేది ఒక భూస్వామి. అతనికి శాస్త్రంతో పని లేదు, కూలి అడగని కూలీలు కావాలి. పాత కథల్లో గ్రిఫిన్ లాంటివాణ్ని పక్కన పెడితే పిచ్చి శాస్త్రవేత్తలు ఎక్కువగా సొంత సొమ్ముతోనే పిచ్చివాళ్లయ్యారు, ఖర్చు ఎవరు భరిస్తున్నారని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్నతో నవల బాగా ఎత్తుకుంటుంది. తర్వాత ప్రేమకథలోకి జారిపోతుంది. వెల్స్ చదివినప్పుడు గోడ అవతల నుంచి వచ్చే పూమా అరుపులకు నేను పుస్తకం మూసేశాను. ఇందులో అలాంటి పేజీ తగల్లేదు.

జీనెట్ వింటర్సన్ ‘ఫ్రాంకిస్‌స్టైన్’ (2019) కూడా అడుగుతారేమో. 1816 నాటి మేరీ భాగాలు బాగున్నాయి, కృత్రిమ మేధ గురించి పాత్రలు ఉపన్యాసాలిచ్చుకునే భాగాలు నేను వేగంగా తిప్పేశాను.

అసలు భయపెట్టినది ఇంకొకటి: ఇరాక్ రచయిత అహ్మద్ సాదావి అరబ్బీలో రాసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్ ఇన్ బాగ్దాద్’ (2013). మరుసటి ఏడాది దీనికి అరబ్బీ నవలల అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అమెరికా దాడి తర్వాతి బాగ్దాద్, రోజూ బాంబులు. పాత సామాన్లు అమ్ముకునే హాదీ అనే అతను, పేలుళ్లలో చెల్లాచెదురైన శరీరభాగాలు ఏరి కుట్టి ఒక పూర్తి శవం తయారుచేస్తాడు. ఎందుకు? వాటిని చెత్తలా ఊడ్చేయకుండా ఒక మనిషిలా ఖననం చేస్తారని. పేలుడులో చనిపోయి, చేరడానికి శరీరం లేక తిరుగుతున్న ఆత్మ ఒకటి అందులో దూరుతుంది. తనలోని ప్రతి భాగం తరఫునా పగ తీర్చుకోవడం మొదలుపెడుతుంది. పగ తీరిన భాగం కుళ్లి రాలిపోతుంది, కొత్త భాగం కావాలి. అమాయకుల భాగాలు అన్నివేళలా దొరకవు, నేరస్థుల మాంసం కూడా అతుక్కుంటుంది. చివరికి తాను ఎవరి పక్షమో దానికే తెలియదు.

శాస్త్రవేత్తే లేడు కదా, దీన్ని ఈ లెక్కలో ఎలా వేస్తావని ఒకరు నాతో వాదించారు. నిజమే, ప్రయోగశాల లేదు. కానీ మేరీ షెల్లీకి దీనికన్నా దగ్గరగా వెళ్లిన తిరగరాత నేను చూడలేదు. చాలామంది ‘ఫ్రాంకెన్‌స్టైన్’ను భస్మాసురుడి కథ అనుకుంటారు: వరమిచ్చినవాడి నెత్తిమీదే చెయ్యి పెట్టాడని. అది కాదు. భస్మాసురుడు వరం అందగానే తిరగబడ్డాడు. ఈ ప్రాణి కళ్లు తెరిచి చెయ్యి చాచితే, పుట్టించినవాడే గదిలోంచి పారిపోయాడు. నేరం మొదలైంది తయారుచేయడంలో కాదు, వదిలేయడంలో. అయినా ఆ ప్రాణి నిర్దోషి కాదు. చిన్నపిల్లవాడు విలియమ్‌ను గొంతు నులిమి చంపుతుంది, ఆ నేరం జస్టిన్ అనే అమాయకురాలి మీద పడేలా చేస్తుంది, ఆమెను ఉరి తీస్తారు. జాలి, అసహ్యం రెండూ ఒకేసారి పుట్టాలి. సాదావి రెండింటినీ ఉంచాడు.

2025లో గియెర్మో డెల్ తోరో తీసిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మీద నా అసంతృప్తి కూడా ఇక్కడే. కథను విక్టర్ చెప్పినంత, ప్రాణి చెప్పినంత అని రెండు ముక్కలు చేసి, ప్రాణికి నోరు తిరిగిచ్చాడు, అందుకు దండం పెట్టాలి. జేకబ్ ఎలోర్డి కళ్లు చూస్తే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది. కానీ పసివాడి హత్య లేదు, జస్టిన్ లేదు. ఆ ప్రాణి చేతులు కడిగి శుభ్రం చేసేసరికి దాని ఎదుట నిలబడి తేల్చుకోలేక నలిగే అవసరం మనకు తప్పిపోయింది. కన్నీళ్లతో బయటికొచ్చాను, భయంతో కాదు.

ఇక మీ రెండో ప్రశ్న. జెకిల్ మూలం చిన్నది, ఒక సాయంత్రం చాలు, అయినా ‘మేరీ రైలీ’ ముందు చదివి తర్వాత అటు వెళ్లినా ఏమీ పోదు. గుట్టు మీకు ఎలాగూ తెలుసు. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మాత్రం ముందు చదవండి, వీలైతే 1818 నాటి పాఠం. కొనేముందు ఏ పాఠమో లోపలి పేజీలో చూసుకోండి, చాలా ప్రచురణలు 1831ది వేసి ఆ సంగతి చిన్న అక్షరాల్లో రాస్తాయి. తర్వాత ‘పూర్ థింగ్స్’, ఆ తర్వాత బాగ్దాద్. గ్రే నవలకు ముందుమాటతో పాటు చివరి వివరణలు కూడా కథలో భాగమే, అవి దాటేయకండి. మిగతా వాటన్నిటికీ పండితులు రాసిన ముందుమాటలు ఆఖర్న చదువుకోండి, మొదటి పేరాలోనే ఎవరు చస్తారో చెప్పేస్తారు.