చిన్న గ్యాస్ స్టవ్ ఏది కొనాలి? ముందు గాలి సంగతి చూసుకోండి

నడకకి మోసుకెళ్లే చిన్న గ్యాస్ స్టవ్ గురించి మీరడిగినవి నాలుగు. పాతిక గ్రాముల బర్నర్ కొనాలా, కాస్త పెద్దది తీసుకోవాలా? ఇద్దరికి రెండు రాత్రులకి ఎంత గ్యాస్ కావాలి? ఆ స్టవ్‌కి బిగించే చిన్న గ్యాస్ డబ్బా అయిపోతే ఇంటి సిలిండర్ నుంచి పట్టుకోవచ్చా? రేపు హిమాలయాలకి వెళ్తే ఇదే సామాను పనికొస్తుందా? ముందుగా మన సముద్రం ఒడ్డున ఓ రాత్రి ఉండి చూసుకుంటామని కూడా రాశారు. ఆ చివరి మాట చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను. నేను దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

మాది రాజోలు దగ్గర. ఆరేళ్ల కిందట డిసెంబర్‌లో నేనూ మా బావా సఖినేటిపల్లి నుంచి అంతర్వేది దాకా నడిచి, అన్నాచెల్లెళ్ల గట్టు వైపు ఇసుకలో మకాం పెట్టాం. నా దగ్గర కొత్త బర్నర్. గుప్పిట్లో పట్టేది, పాతిక గ్రాములు. దాన్ని చూసుకుని నేను పడ్డ మురిపెం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. సాయంత్రం టీకని అర లీటరు నీళ్లు పెట్టాను. సముద్రం గాలి మొదలైంది. మంట గిన్నె కింద నిలబడదు, పక్కకి పడుకుని ఇసుకని వేడి చేస్తోంది. ఇరవై రెండు నిమిషాలు చూశాం. గిన్నె అడుగున బుడగలు వచ్చాయి తప్ప నీళ్లు మరగలేదు. బావ మాత్రం "స్నానానికి సరిపోతాయిలేరా" అన్నాడు.

అక్కడికి కాస్త దూరంలో ఒడ్డుకి లాగిన పడవ పక్కన ఓ పెద్దావిడ మూడు రాళ్ల మీద ఏదో వండుతోంది. కొబ్బరి డొక్కలు, నాలుగు ఎండు మట్టలు, అంతే. చాలాసేపు మమ్మల్ని చూసి చూసి, "గాలి మంటంతా తినేత్తందండి బాబూ, ఇలా పడవ సాటుకి తెచ్చుకోండి" అంది. తెచ్చుకున్నాం. అదే బర్నరు, అదే గిన్నె, పడవకి రెండు బారల దూరంలో గాలి తగలని చోట పెడితే అయిదు నిమిషాల్లో టీ అయింది. ఆవిడకీ ఓ గ్లాసు ఇచ్చాం. చక్కెర తక్కువైందంది.

ఊరికొచ్చాక లెక్క తీశాను. మా బావ రొయ్యల చెరువు దగ్గర కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, చూసే చిన్న కాటా ఉంది. బయల్దేరే ముందు డబ్బాని దాని మీదే తూచి, అడుగున మార్కర్‌తో రాసి పెట్టుకున్నాను. తిరిగొచ్చాక తూస్తే, ఆ రెండు టీల మీద, అంటే ఒక్క అయిన టీ, ఒక్క కాని టీ మీద, దాదాపు 70 గ్రాములు పోయింది. తర్వాత ఇంట్లో గాలి తగలని చోట అదే అర లీటరు మరిగిస్తే 7 గ్రాములు. దీన్నిబట్టి స్టవ్ ఎంపిక సంగతి ఎక్కడుందో మీకే తెలుస్తుంది. కాస్త పెద్దది మానేసి 25 గ్రాముల బర్నర్ కొని మోతలో 50 గ్రాములు మిగుల్చుకున్నాననుకుంటే, ఒక్క గాలి పూట గ్యాస్‌లో అంతకంటే ఎక్కువ పోయింది.

ఇక మీ మొదటి ప్రశ్నకి. డబ్బా నెత్తిన మరతో బిగించే చిన్న బర్నర్లు ఒక రకం. గొట్టంతో డబ్బాని పక్కన పెట్టుకునే మూడు కాళ్లవి రెండో రకం. గిన్నె, బర్నర్ జతగా వచ్చే జెట్‌బాయిల్ లాంటివి మూడోది. మూడోవి నీళ్లు మరిగించడంలో చురుకే గానీ బరువు ఎక్కువ, 370 గ్రాముల దాకా ఉండేవీ ఉన్నాయి, అన్నం వండటానికి అంతగా కుదరవు. మీ ఇద్దరికీ మొదటి రకమే చాలు, కానీ మరీ చిన్నది వద్దు. ఎమ్మెస్సార్ కంపెనీ పాకెట్‌రాకెట్ 2 లాంటిది 73 గ్రాములు. 70 నుంచి 100 గ్రాముల మధ్య ఉన్నవాటిలో గిన్నె నిలిపే కొమ్ములు వెడల్పుగా, మంట తల కాస్త లోపలికి కూర్చున్నట్టు ఉన్నది చూసుకోండి. కొమ్ములు పొట్టిగా ఉంటే మన ఇసుకలో, కాలవ గట్టు మీద గిన్నె తలకిందులవడం ఖాయం. నేనైతే డబ్బా కింద పాత పీట చెక్క ముక్క ఒకటి పెడతాను. నలుగురు వెళ్లి పెద్ద గిన్నెలో వండుకునేట్టయితే రెండో రకం తీసుకోండి. డబ్బా దూరంగా ఉంటుంది కాబట్టి చుట్టూ గాలి అడ్డు పెట్టుకున్నా భయం లేదు.

ఈ గాలి అడ్డు దగ్గరే చాలామంది ప్రాణం మీదకి తెచ్చుకుంటారు. నెత్తిన బిగించే రకానికి చుట్టూ రేకు కట్టేసి, పొయ్యిలా చేసేస్తారు. అప్పుడు మంట వేడి కిందికి కొట్టి డబ్బా కాగుతుంది. ఆ డబ్బా 50 డిగ్రీలు దాటకూడదని దాని మీదే రాసి ఉంటుంది. గాలి వచ్చే వైపు మాత్రమే అడ్డు పెట్టండి, మిగతా వైపులు వదిలేయండి. మధ్యలో డబ్బాని చేత్తో ముట్టి చూడండి. చల్లగా ఉంటే సరే. చెయ్యి చుర్రుమంటే వెంటనే ఆపేయండి. మన ఎండల్లో ఇది ఇంకో రకంగానూ వర్తిస్తుంది. మే నెలలో ఎండలో పెట్టిన కారు డిక్కీలో ఈ డబ్బా వదిలి రావద్దు.

గ్యాస్ లెక్క. డబ్బాలు 100, 230, 450 గ్రాముల సైజుల్లో ఉంటాయి, ఒకటీ అరా తేడాతో. అర లీటరుకి 7 గ్రాములని చెప్పాను కదా, బయట పది గ్రాములు వేసుకోండి. ఇద్దరికి పొద్దున టీ, రాత్రి ఓ వంట, మధ్యలో ఇంకో టీ అనుకుంటే రెండు రోజులకి 100 గ్రాముల డబ్బా అంచుల మీద సరిపోతుంది. నేను 230 పట్టుకెళ్తాను. బరువు ఎక్కువే, కానీ దాని అడుగు వెడల్పు, ఇసుకలో కుదురుగా కూర్చుంటుంది.

ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే కాటా ఉండాలనేం లేదు. బకెట్ నీళ్లలో డబ్బాని వదలండి. నిండుది ఎక్కువ మునుగుతుంది, ఖాళీ అయ్యేకొద్దీ పైకి తేలుతుంది. కొత్తగా కొన్నప్పుడు ఒకసారి, పూర్తిగా అయిపోయాక ఒకసారి నీటి గీత ఎక్కడుందో డబ్బా మీద గుర్తు పెట్టుకుంటే చాలు. తర్వాతి డబ్బాలకి అదే కొలత. కాకపోతే తీసి గుడ్డతో తుడవండి. మన ఉప్పు గాలికి అడుగు అంచున తుప్పు ఎంత తొందరగా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

అన్నం గురించి అడగలేదు గానీ చెప్పేస్తాను, ఎందుకంటే మనవాళ్లకి అన్నం తినకపోతే తిన్నట్టుండదు. చిన్న బర్నర్ మంట గిన్నె నడిమధ్యనే తగులుతుంది. మధ్యలో మాడి, అంచున పలుకుగా ఉంటుంది. బియ్యం అరగంట నానబెట్టి, నీళ్లు మరిగాక వేసి, రెండు పొంగులు రాగానే ఆపేసి, మూత పెట్టి తువ్వాలు చుట్టి పావుగంట వదిలేయండి. గ్యాస్ సగం కలిసొస్తుంది. ఇంకా తేలిక, రవ్వ ఇంట్లోనే నేతిలో వేయించి, పోపు కూడా కలిపి తెచ్చుకోవడం. మరిగిన నీళ్లలో పోస్తే ఉప్మా.

మూడో ప్రశ్న, ఇంటి సిలిండర్ నుంచి పట్టుకోవడం. వద్దు. మా వైపు ఒక కొట్టువాడు "యాభై ఇస్తే ఇంటి సిలిండర్ నుంచి పట్టేస్తానండీ" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది, కొత్త డబ్బా ఖరీదు చూస్తే ఎవరికైనా పుడుతుంది. మా అమ్మ ఒప్పుకోలేదు. మా వాళ్లకి గ్యాసంటే ఉన్న భయం ఊరికే పుట్టింది కాదు. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకి పైగా మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలింది. రెండూ మా కోనసీమలోనే. అమ్మ భయాన్ని పక్కన పెట్టినా లెక్క కూడా అదే చెబుతుంది. ఆ చిన్న డబ్బా పల్చటి రేకు, ఒక్కసారి వాడి పారేయడానికి చేసింది. లోపల ద్రవం వేడికి ఉబ్బుతుంది కాబట్టి కంపెనీలో పైన కొంత ఖాళీ వదిలి నింపుతారు. కొట్టువాడికి ఆ ఖాళీ ఎంతో తెలియదు. అంచు దాకా నింపిన డబ్బాని మన మధ్యాహ్నం ఎండలో పెడితే ఉబ్బడానికి చోటుండదు. ఆ తర్వాత ఏమవుతుందో చూడాలని నాకు లేదు.

బిగించేటప్పుడు ఇంట్లో సిలిండర్ మార్చినప్పుడు చేసేదే చేయండి. లోపలి రబ్బరు వాషర్ చిట్లిందేమో చూడండి. మరలో ఇసుక రేణువు లేకుండా ఊదండి. వంకరగా ఎక్కకుండా చేత్తోనే తిప్పండి, పట్టకారు వాడొద్దు. సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తే విప్పేయండి. బర్నర్‌కి ఉన్న మీట లైటర్ మన తేమకి రెండు నెలల్లో మొండికేసింది. అగ్గిపెట్టె ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉంచుకోండి. గుడారం లోపల మాత్రం వెలిగించకండి, వానొచ్చినా సరే. నిప్పంటుకోవడం సంగతలా ఉంచి, మూసిన చోట కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు.

చోటు విషయం కూడా. కోరింగ అభయారణ్యం లోపల స్టవ్ ఆలోచనే పెట్టుకోకండి, అక్కడ నిప్పు రాజేయడం నేరం. గోదారి ఇసుక తిన్నెల మీద పడుకునేట్టయితే వరద నెలల్లో వద్దే వద్దు. ధవళేశ్వరంలో గేట్లు ఎత్తితే మీ తిన్నె మునిగిపోతుంది. నిజం చెప్పాలంటే రావులపాలెం నుంచి అమలాపురం దాకా నడిస్తే దారి పొడుగునా టీ కొట్లే, స్టవ్ బరువు మోయడం దండగ. ఇది పనికొచ్చేది లంకల్లో, సముద్రం ఒడ్డున, పైన మారేడుమిల్లి వైపు.

చివరిది, హిమాలయాలు. బర్నర్ అదే పనికొస్తుంది, డబ్బాలో ఏముందన్నదే అసలు ప్రశ్న. మనకి సులువుగా దొరికే పొడుగాటి డబ్బాలు, బల్ల స్టవ్‌లకి వాడేవి, ఎక్కువగా బ్యూటేన్. బ్యూటేన్ మామూలు పీడనంలో సున్నాకి అర డిగ్రీ కిందే మరుగుతుంది. అంతకంటే చల్లబడితే ద్రవంగానే కూర్చుంటుంది, బర్నర్‌కి ఆవిరి రాదు. పైగా మండుతున్నకొద్దీ డబ్బా తనంతట తనే చల్లబడుతుంది. చలికాలంలోనూ మన దగ్గర సున్నా మాట లేదు కాబట్టి ఇక్కడ అది బాగానే నడుస్తుంది. కొండల మీదకి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిపిన మర డబ్బా కావాలి. ఐసోబ్యూటేన్ మైనస్ 12 దగ్గర, ప్రొపేన్ మైనస్ 42 దగ్గర మరుగుతాయి.

మేం సెప్టెంబర్ చివర్లో మనాలి దగ్గరి హంప్టా పాస్ అనే కనుమకి వెళ్లాం. 4,270 మీటర్లు. దారిలో బాలూ కా ఘేరా అనే మకాం దగ్గర రాత్రి మంచు కురిసినంత చలి. పక్క గుడారం వాళ్ల పొడుగు డబ్బా పొద్దున దీపం వత్తిలా వెలిగింది, వాళ్ల టీ కూడా మేమే పెట్టాం. మా డబ్బా గొప్పేం కాదు, రాత్రి దాన్ని నిద్ర సంచిలో పెట్టుకుని పడుకున్నాను, అంతే. పొద్దున ఇంకా నీరసంగా ఉంటే పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో నిలబెట్టాను. వేడినీళ్లు కాదు, గోరువెచ్చనివి. ఆ ఎత్తుల్లో నీళ్లు 86, 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కాబట్టి పప్పు మీద ఆశ పెట్టుకోకండి. మేం రెండో రోజు పెట్టుకున్నాం, గంటైనా ఉడకలేదు.

డబ్బా మాత్రం ఇక్కడినుంచి మోసుకెళ్లకండి. విమానంలో చేతిలోదైనా, లగేజీలోదైనా నిషేధం. రైల్లోనూ అంతే, రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మనాలిలో ట్రెక్కింగ్ సామాను కొట్లలో దొరుకుతాయి, అక్కడే కొన్నాం. తిరిగొచ్చేటప్పుడు డబ్బాలో సగం పైన మిగిలింది. బావకి వదిలి రావడం ఇష్టం లేదు, "కొన్నది మనమే కదరా" అంటూ బస్టాండ్ దాకా పట్టుకొచ్చాడు. చివరికి మాతో నడిచిన గుర్రాల మనిషికి ఇచ్చేసి వచ్చాం.